ఫీల్డ్ తెలుసు, పీజీ లేదు... ఇప్పుడు చదవాలా?

దేవరకొండ డివిజన్ నుంచి ఒక చెల్లెలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, ఊరు, సంస్థ వివరాలు తీసేసి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. తండాలోనే పుట్టి పెరిగింది. పెళ్లయ్యాక అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చేసింది. పిల్లల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో పదేళ్లకు పైగా ఫీల్డ్ వర్కర్‌గా ఉంది. బాల్యవివాహాలు ఆపడం, బడి మానేసిన ఆడపిల్లల్ని కేజీబీవీల్లో (ప్రభుత్వ కస్తూర్బా బాలికల హాస్టల్ బడుల్లో) చేర్పించడం, మూడో ఆడపిల్ల పుట్టిందని వదిలించుకోవాలనుకునే కుటుంబాలతో మాట్లాడటం ఆమె పని. తల్లిదండ్రులు వలస పోయే రోజుల్లో తండా తండా తిరుగుతుంది. ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదిలి పోవాలో తెలియక హడావుడిగా పెళ్లి చేసేది అప్పుడే.

పోయిన ఏడాది సంస్థలోకి కొత్త కోఆర్డినేటర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చదివిన అమ్మాయి. "నాకంటే పదేళ్లు చిన్నది. తండావాళ్ల ముందు నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. కేస్ ఫైల్ చూసి ఇందులో అసెస్‌మెంట్ ఎక్కడ అంటుంది. నేను ఆ ఇంటి అరుగు మీద ఎన్ని పొద్దులు కూర్చున్నానో ఫైల్‌లో కనబడదు కదా మేడం" అని రాసింది. వచ్చే ప్రాజెక్టుకు చదువుకున్న స్టాఫే కావాలని నిధులిచ్చేవాళ్లు అంటున్నారట. దూరవిద్యలో ఎమ్మెస్‌డబ్ల్యూ చేయకపోతే కమ్యూనిటీ వాలంటీర్‌గా ఉండాల్సి వస్తుందని డైరెక్టర్ చెప్పాడు. ఫీజు ఇవ్వరు, నెలకు రెండు రోజులు సెలవిస్తారు. భర్త ఆటో నడుపుతాడు. "ఈ వయసులో చదివి ఏం ఉద్ధరిస్తావు" అంటాడు. పెద్ద కూతురు తొమ్మిదో తరగతి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఉత్తరం చివర రాసింది ఒక ఎత్తు. ఈమె పెళ్లి ఆపి కేజీబీవీలో చేర్చిన పదిహేనేళ్ల అమ్మాయి దసరాకు ఇంటికి పోయి, ఒక రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, నాకు బతకాలని లేదు. ఎవరికీ చెప్పనని మాటియ్యి" అంది. ఈమె మాట ఇచ్చింది. "ధైర్యంగా ఉండు, మంచిగా చదువుకో" అని చెప్పి, ఫోన్ పెట్టేసి తెల్లారే దాకా నిద్రపోలేదు. ఆ అమ్మాయి సెలవులయ్యాక హాస్టల్‌కు వచ్చింది, బాగానే ఉందంటున్నారు. "నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అడిగితే గుర్తు చేసినట్టవుతుందని భయం. ఎన్నో ట్రైనింగ్‌లకు పోయాను, ఆ రాత్రి ఒక్కటీ పనికిరాలేదు. ఎమ్మెస్‌డబ్ల్యూ చేసి ఉంటే ఏం మాట్లాడాలో తెలిసేదా? లేక ఈ పని మానేసి కుట్టుమిషన్ పెట్టుకోవాలా?"

చెల్లీ, ఆ అమ్మాయి సంగతి ముందు మాట్లాడుకుందాం. చదువు నెల ఆగినా ఏం కాదు, ఇది ఆగదు.

అడిగితే గుర్తు చేసినట్టవుతుందన్న భయం మీ ఒక్కరిదే కాదు, టీచర్లకూ నర్సులకూ కూడా ఉంటుంది. కానీ చావు గురించి నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఈ విషయం మానసిక వైద్యంలో బాగా స్థిరపడింది. లోపల మోస్తున్నది బయటపెట్టడానికి ఒక మనిషి దొరికితే చాలామందికి కొంత భారం దిగుతుంది. కాబట్టి ఈ వారమే వెళ్లండి. పక్కన ఎవరూ లేని చోట కూర్చోబెట్టి, మీ లంబాడీ భాష గోర్‌బోలీలోనే అడగండి: ఆ రోజు బతకాలని లేదన్నావు, ఇప్పుడు కూడా అనిపిస్తోందా? చనిపోవాలని అనుకున్నావా? ఎట్లా అని ఆలోచించావా? అందుకు ఏదైనా దగ్గర పెట్టుకున్నావా? ఎట్లా, ఎప్పుడు అన్నదాకా ఆలోచించి ఉంటే ఆ అమ్మాయిని ఒంటరిగా వదలకండి, అదే రోజు జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లే ఏర్పాటు చేయండి. లేదంటే ఊరికే "ధైర్యంగా ఉండు" అనకుండా, మళ్లీ అట్లా అనిపించిన రాత్రి ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఆ అమ్మాయితోనే చెప్పించి ఒక కాగితం మీద రాయండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 కూడా అందులో ఉండాలి. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

పండగకో పబ్బానికో ఆమె మళ్లీ ఇంటికి పోతుంది. పత్తికి కొట్టే మందు డబ్బా ఎక్కడ పెడుతున్నారో ఆ తల్లిని అడిగి, తాళంలో పెట్టించండి. మన పల్లెల్లో పురుగుమందు చేతికందే దూరంలో ఉండటం వల్లే, క్షణికంగా వచ్చి పోయే ఆలోచన కూడా ప్రాణం తీస్తోంది.

ఇక మీరిచ్చిన మాట. ప్రాణానికి ముప్పున్నప్పుడు ఆ మాట నిలబెట్టుకోవడానికి వీల్లేదు. కేజీబీవీ స్పెషల్ ఆఫీసర్‌కు చెప్పాలి. చెప్పే ముందు అమ్మాయికే చెప్పండి: "నీ ప్రాణం సంగతి కాబట్టి మేడంకు చెప్తున్నా, చెప్పేటప్పుడు నువ్వూ నా పక్కనే ఉండు" అని. కొంచెం కోపం వస్తుంది, కానీ వెనకాల చెప్పారన్న బాధ ఉండదు. ఆ మాటల్లో లైంగిక వేధింపు ఏదైనా బయటపడితే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, దాచడం నేరం. అందుకే ఇకముందు ఏ పిల్లతోనైనా మాట మొదలుపెట్టేటప్పుడే "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగల ఒకరికి చెప్తాను" అని చెప్పుకోవడం అలవాటు చేసుకోండి.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే కొంత ఉంది. ఇక్కడ చెప్పినవి నేర్చుకోవడానికి ఎమ్మెస్‌డబ్ల్యూ అక్కర్లేదు. తెలిసినవాళ్ల ఎదుట రెండు రోజులు కూర్చుని, ఒకరు పిల్లగా ఒకరు వర్కర్‌గా మాట్లాడి సాధన చేస్తే వస్తాయి. పీజీ చేసినవాళ్లు కూడా సాధన చేయకపోతే ఆ రాత్రి "ధైర్యంగా ఉండు" అనే అంటారు. మీరు డిగ్రీ కాగితాన్నీ, పనితనాన్నీ, ఆ రాత్రి మీ భారం పంచుకునే మనిషినీ ఒకే చోట వెతుకుతున్నారు. ఈ మూడూ ఒక్క చోట దొరకవు. ఏది లేక ఎక్కువ నష్టపోతున్నారో చూసుకుంటే, మూడోది అని నాకనిపిస్తోంది.

పదేళ్లు పనిచేసినంత మాత్రాన పదేళ్ల నేర్పు రాదు. చేసిన పనిని ఇంకొకరితో కూర్చుని తిరగేసి చూసుకుంటేనే వస్తుంది. మన సంస్థల్లో పైవాళ్లు రిజిస్టర్లు చూస్తారు, టార్గెట్ అడుగుతారు, బిల్లులు సరిచూస్తారు. అదీ అవసరమే. కానీ సామాజిక సేవ చదువులో సూపర్విజన్ అని చెప్పేదాంట్లో ఇంకో రెండు పనులున్నాయి. కేసును ముందు పెట్టుకుని వర్కర్‌కు నేర్పించడం ఒకటి, వర్కర్ మనసు కుంగకుండా చూసుకోవడం ఒకటి. ఫీల్డ్ స్టాఫ్‌కు ఈ రెండూ దాదాపు ఎక్కడా అందడం లేదు. ఆ అమ్మాయి ఫోన్ చేసిన మర్నాడు మీరు ఎవరికీ చెప్పుకోలేదు. ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే.

మరి ఎవరు? మీకు నచ్చకపోవచ్చు గానీ, నేను ముందు చూసేది ఆ కోఆర్డినేటర్ వైపే. ఫైల్ విషయంలో ఆమె అడిగింది సరైన ప్రశ్న. కేసు బాలల సంక్షేమ సమితి (రక్షణ అవసరమైన పిల్లల విషయం తేల్చే జిల్లా కమిటీ) ముందుకు వెళ్తే వాళ్ల చేతిలో ఉండేది ఆ కాగితాలే. మీరు అరుగు మీద కూర్చుని తెలుసుకున్నదేదీ అందులో లేకపోతే, పిల్ల తరఫున మాట్లాడాల్సింది రాయకుండా మిగిలిపోయినట్టే. మేనమామ అప్పు ఎంత, తల్లి ఎందుకు నోరు మెదపదు, పిల్లకు తండాలో నమ్మకమైన మనిషి ఎవరు, ఇంట్లో తాగేదెవరు: అసెస్‌మెంట్ అంటే ఇవే. మీకు తెలిసినవే. వరసలో పెట్టి రాయడం ఆమెకు వచ్చు. అయితే ఆమెకు గోర్‌బోలీ రాదు, వలస పోయే ముందు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ ఎట్లా తీసుకుంటారో, ఏ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలియదు. మీరు లేకుండా తండాలోకి అడుగుపెట్టినా ఆమెకు పని జరగదు.

అందుకని ఒక ఏర్పాటు అడిగి చూడండి. వారంలో ఒక మధ్యాహ్నం, ఒకే కేసు. ఏం చూశారు, ఏం చేశారు, అప్పుడు మీకేమనిపించింది, ఇప్పుడు ఏం చేయాలి అని మీరు చెప్పండి. ఆమె ప్రశ్నలు అడుగుతుంది, ఇద్దరూ కలిసి ఫైల్ రాస్తారు. బదులుగా నెలలో కొన్ని రోజులు ఆమె మీ వెంట తండాకు వచ్చి, మాట్లాడకుండా చూస్తుంది. ఇది కుదిరితే ఇద్దరికీ లాభం. కుదరకపోవడానికీ అవకాశం ఉంది. ఆ కోఆర్డినేటర్‌కు తన ఉద్యోగం టెన్షన్ తనకుంటుంది, పెద్దవాళ్ల ముందు చులకన కాకూడదని గట్టిగా మాట్లాడుతుండవచ్చు. అప్పుడు మీ డివిజన్‌లోనే తోటివాళ్లను చూసుకోండి. ఐసీడీఎస్ సూపర్‌వైజర్, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం కౌన్సిలర్, ఇంకో సంస్థలో మీలాంటి సీనియర్ వర్కర్. నెలకోసారి నలుగురు కూర్చుని, పిల్లల పేర్లు, తండా పేర్లు చెప్పకుండా కేసులు మాట్లాడుకోవచ్చు. ఇందులో లోటు ఏంటంటే, నలుగురికీ తెలియనిది ఎవరూ సరిదిద్దలేరు. కాబట్టి ఏడాదికి కొన్నిసార్లైనా అనుభవమున్న కౌన్సిలర్‌నో, సోషల్ వర్క్ అధ్యాపకులనో పిలిచి కూర్చోబెట్టాలి.

పేరు పెట్టి పిలవడం గురించి: మనసులో పెట్టుకోకండి, అందరి ముందు అనకండి. ఒకసారి ఒంటరిగా చెప్పండి. "మీరు ఆఫీసులో ఎట్లా పిలిచినా పర్వాలేదు, తండాలో మాత్రం అక్కా అనండి. నన్ను చులకనగా చూస్తే రేపు వాళ్లు నా మాట వినరు" అంటే అర్థం చేసుకుంటుంది.

పనితనం పెంచుకునే దారుల సంగతికి వస్తే, మీరు పోయిన ట్రైనింగ్‌లన్నీ వృథా అని నేననను. గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్, టీఏ అయ్యాక ఆ ఫైల్ మళ్లీ తెరవకపోవడం దగ్గరే నేర్చుకున్నది ఆగిపోతోంది. వచ్చిన వారంలో ఒక్క కేసులో ఒక్క కొత్త పద్ధతి వాడి చూస్తే నిలుస్తుంది. ఏం నేర్చుకోవాలో మీరే ఎంచుకోండి. పిల్లల మానసిక ఆరోగ్యం మీద బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపే సంవాద్ కార్యక్రమం పిల్లలతో పనిచేసేవాళ్లకు శిక్షణ ఇస్తోంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల స్వయం పోర్టల్‌లో కోర్సులు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి.

మీ పనిలో అన్నిటికంటే తొందరగా పాతబడేది చట్టం. మీరు చేరిన కొత్తలో నేర్చుకున్నది ఇప్పుడు చాలావరకు మారింది. బాల న్యాయ చట్టం 2015లో కొత్తగా వచ్చింది, 2021లో సవరించారు. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టు బదులు కలెక్టర్ ఇస్తున్నారు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. బిడ్డను వద్దనుకున్న తల్లిదండ్రులు సంక్షేమ సమితి ముందు అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి వాళ్లకు రెండు నెలల గడువుంటుంది. 1990ల చివర, 2000ల మొదట్లో ఆడశిశువుల అమ్మకాలతో వార్తలకెక్కిన ప్రాంతం మీది. ఆ రెండు నెలల సంగతి ఒక బాలింతకు సరిగ్గా చెప్పగలిగితే ఒక బిడ్డ తల్లి దగ్గరే ఉండిపోవచ్చు, లేదా చట్టబద్ధంగా మంచి ఇంటికి చేరవచ్చు. అట్లాగే 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద, మీరు ఆపలేకపోయిన పెళ్లిళ్లలోని అమ్మాయి కూడా పద్దెనిమిది నిండిన రెండేళ్లలోపు ఆ పెళ్లి రద్దు కోరుతూ జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. ఈ సంగతి తెలియక పంతొమ్మిదేళ్ల పిల్లలు ఎంతమంది ఊరుకుంటున్నారో! జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడిగితే వచ్చి ఇలాంటివి చెప్తారు, డబ్బు అక్కర్లేదు.

మానేయాలా అన్నదానికి, నిద్రలేని రాత్రి తర్వాత ఆ నిర్ణయం తీసుకోవద్దని మాత్రం అంటాను. మనసు విప్పి చెప్పుకునే మనిషి దొరికి, ఒక ఆరు నెలలు గడిచాక కూడా ఛాతీ మీద బరువు అట్లాగే ఉంటే మానేయడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మీ ఆయన మాటలో కొంత నిజమైన బాధ ఉందని నాకనిపిస్తోంది. రాత్రిపూట ఫోన్ మోగినప్పుడల్లా ఆ ఇల్లు కూడా లేస్తోంది కదా. తొమ్మిదింటి తర్వాత ప్రమాదం ఉన్న పిల్లల ఫోన్లే మీరు ఎత్తాలని, మిగతావి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి వెళ్లేలా కుటుంబాలకు చెప్పి ఉంచాలని సంస్థలో తీర్మానం చేయించుకుంటే, చదువు మాట ఇంట్లో ఎత్తడం కొంత తేలికవుతుంది.

ఇప్పుడు డిగ్రీ. పట్టాదారు పాసుబుక్కు ఉన్నంత మాత్రాన పంట పండదు, కానీ అది లేనివాడికి బ్యాంకులో పంటరుణం పుట్టదు. ఎమ్మెస్‌డబ్ల్యూ మీకు అట్లాంటిది. అమెరికాలోని రాష్ట్రాల్లో సోషల్ వర్కర్‌కు లైసెన్స్ ఉంటుంది, దాన్ని కొనసాగించాలంటే ఇన్ని గంటలు చదువుకోవాలని రూలు ఉంటుంది. మన దేశంలో మీ పనికి అట్లాంటి లైసెన్స్ లేదు. ఎవరికి ఏ అర్హత కావాలో ఉద్యోగం ఇచ్చేవాళ్లే పెడతారు. కాబట్టి డైరెక్టర్ చెప్పిన షరతు అసలు కాగితంలో ఎట్లా ఉందో చూపించమని అడగండి. అందులో "పీజీ లేదా డిగ్రీతో పాటు అనుభవం" అని ఉంటే మీ పదేళ్లకు విలువ కట్టాల్సిందే. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో కాంట్రాక్టు పోస్టులకు కూడా అన్నిటికీ పీజీ అడగరు, కొన్నిటికి డిగ్రీ చాలు. నోటిఫికేషన్ పడినప్పుడు అర్హతల పేజీ మీరే చదవండి, ఎవరో చెప్పింది నమ్మి వదిలేయకండి. ఆసుపత్రిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలనుకుంటే మాత్రం దారి వేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పీజీ మీద రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ అడుగుతుంది, దూరవిద్య ఎమ్మెస్‌డబ్ల్యూ ఒక్కటే అక్కడ చాలదు.

చేయాలనే నిర్ణయానికి వస్తే రెగ్యులర్ కోర్సు మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీలో ఉంది, హైదరాబాద్‌లోనూ ఉంది. అక్కడ మీకు దొరికే అధ్యాపకులు, ఫీల్డ్‌వర్క్ చర్చలు దూరవిద్యలో అంత బాగా దొరకవు. కానీ కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా రోజూ పోయి రావడం అయ్యే పని కాదు. అంటే జీతం పోతుంది, ఇల్లు ఒకచోట మీరు ఒకచోట. కూతురు పదో తరగతికి వచ్చే ఏడాది ఇది మీకు సరిపడదని నా అభిప్రాయం. దూరవిద్యలో అయితే, ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోలో ఎమ్మెస్‌డబ్ల్యూకు ఏ డిగ్రీతోనైనా చేరొచ్చు. రెండేళ్ల కోర్సు, నాలుగేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. జనవరిలో, జూలైలో అడ్మిషన్లుంటాయి. చిక్కల్లా పుస్తకాలు, పరీక్షలు ఇంగ్లిష్ లేదా హిందీలో ఉండటం. భయపడి ఆగకండి, భయం లేదనుకుని చేరనూ వద్దు. ఇగ్నో పాఠాలు ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. నెల రోజులు వారానికో పాఠం చదివి, ప్రతి పాఠానికీ ఒక పేజీ ఇంగ్లిష్‌లో రాసి కోఆర్డినేటర్‌కు చూపించండి. నెలాఖరుకు మీకే తెలుస్తుంది. "ఏడాదిలో ఎమ్మెస్‌డబ్ల్యూ ఇప్పిస్తాం, పరీక్షకు మేం చూసుకుంటాం" అనే సెంటర్ల గడప తొక్కకండి, డబ్బు పోవడమే కాకుండా రేపు వెరిఫికేషన్‌లో ఉద్యోగం కూడా పోతుంది.

కోర్సులో ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. మీ సంస్థలో చేసే పనిని అందులో ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటారన్నది చేరే ముందు స్టడీ సెంటర్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న. ఆ జవాబును బట్టే మీకు నెలకు రెండు రోజుల సెలవు చాలుతుందా లేదా తెలుస్తుంది.

ఆ తర్వాత డైరెక్టర్‌కు ఒక ఉత్తరం రాయండి. నోటిమాటగా వద్దు. ఫీజులో సగమైనా భరించాలని, పరీక్ష రోజుల్లో జీతంతో సెలవు ఇవ్వాలని, కోర్సు నడుస్తున్నంత కాలం ఇప్పుడున్న హోదా, జీతం మార్చబోమని రాసివ్వాలని అడగండి. నిధులిచ్చేవాళ్లకు కూడా "మా వర్కర్ చదువుతోంది" అని చూపించుకోవడానికి సంస్థకు అది పనికొస్తుంది, ఆ మాట ఉత్తరంలో రాయండి. ఒప్పుకుంటే జూలైలో చేరండి. హోదా విషయం ఒక్కటీ రాసివ్వకుండా నాన్చితే, ఆ కాగితం వచ్చేదాకా ఫీజు కట్టకుండా జనవరి దాకా ఆగండి. ఆ లోపు జిల్లాలో పడే నోటిఫికేషన్లకు అప్లికేషన్లు పెడుతూ ఉండండి.